పరదేశికి రెండు తీర్పులు

రేడియో ప్రసంగ పాఠం. వాక్యభాగం: ద్వితీయోపదేశకాండము 22:8

 వంటింట్లో పని చేసుకుంటూ వింటున్న తల్లులకు, మంచము మీద నుండి వింటున్న పెద్దలకు, పనికి బయలుదేరుతూ ఒక చెవి ఇటు పెట్టిన సహోదరులకు దేవుడు ఈ దినమంతా తోడైయుండును గాక.

ఈ దినం నేను చెప్పబోయే సంగతి మనం సాధారణంగా పుల్పిట్టు మీద మాట్లాడేది కాదు. తాగి కారు నడపడం గురించి, లైసెన్సు గురించి, వీసా గురించి మాట్లాడబోతున్నాను. "అయ్యగారు వాక్యం చెబుతారనుకుంటే ఆర్టీవో ఆఫీసు సంగతులు మొదలుపెట్టారేమిటి?" అనుకోకండి. మీ ఇంటి నుండో, మీ వీధి నుండో ఒక బిడ్డ అమెరికాలో ఉంటే దయచేసి చివరి వరకు వినండి. ఆ బిడ్డే ఇంటర్నెట్టులో ఈ మాటలు వింటుంటే, బాబూ, అమ్మా, ఇది ముఖ్యంగా నీ కొరకే.

మోషే ధర్మశాస్త్రంలో ఇల్లు కట్టుకునేవారికి ఒక చిన్న ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టకపోతే, ఎవరైనా పైనుండి పడి చనిపోయినప్పుడు ఆ దోషం ఆ ఇంటి మీదికి వస్తుంది. మన ఊళ్లలో డాబా మీద వడియాలు పెడతాం, వేసవిలో పక్కలు వేసుకుంటాం, పిల్లలు ఆడుకుంటారు. కాబట్టి ఈ ఆజ్ఞ మనకు సులువుగానే అర్థమవుతుంది. కానీ ఒక్క సంగతి గమనించండి. పిట్టగోడ ఎప్పుడు కట్టాలి? ఎవరైనా పడిన తరువాత కాదు. ఎవరూ పడకముందే కట్టాలి. అసలు ఎవరైనా పడతారో లేదో తెలియకముందే కట్టాలి.

ఇప్పుడు నా పొరపాటు ఒకటి మీ ముందు ఒప్పుకుంటాను.

కొన్ని సంవత్సరాల క్రిందట మా సంఘంలో ఒక అబ్బాయి ఎం.ఎస్. చదువుకు టెక్సాస్ వెళ్లాడు. పాలకొల్లు దగ్గర పల్లెటూరు వాళ్లది. తండ్రి లేడు. తల్లి అరెకరం అమ్మి, బ్యాంకులో అప్పు తీసి పంపించింది. వెళ్లేముందు వాళ్లింట్లో ప్రార్థన కూటం పెట్టారు. నేనే వాక్యం చెప్పాను. విమానం గురించి ప్రార్థించాను, చదువు గురించి ప్రార్థించాను, ఉద్యోగం గురించి ప్రార్థించాను. ఆవకాయ సీసా పగలకుండా ఎలా సర్దాలో కూడా అక్కడున్న పెద్దలు చెప్పారు. మద్యం గురించి మాత్రం ఒక్కరమూ మాట్లాడలేదు. విశ్వాసుల ఇంటి బిడ్డ గదా, వాడికెందుకులే ఆ మాట అనుకున్నాం. పిట్టగోడ కట్టలేదు.

చదువు అయింది. డాలస్ దగ్గర ఉద్యోగం వచ్చింది, హెచ్-1బి కూడా వచ్చింది. తల్లి సంఘంలో కృతజ్ఞతార్పణ ఇచ్చింది. ఆ తరువాత ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆ తల్లి బల్ల మీదే కూర్చుండిపోయింది. నేను దగ్గరకు వెళ్తే నెమ్మదిగా అంది: "అయ్యగారూ, మా అబ్బాయి అసలు మందు ముట్టడని మీరొక లెటరు రాసివ్వాలి. కోర్టులో చూపించాలంట."

నాకు కాళ్ల కింద భూమి కదిలినట్టయింది. ఆ రాత్రే ఆ అబ్బాయితో ఫోనులో మాట్లాడాను. ఒక శుక్రవారం రాత్రి స్నేహితుడి పుట్టినరోజుకు వెళ్లాడు. బీరు తాగాడు. గది రెండు మైళ్లే. దారిలో కారు గీత దాటి కొంచెం పక్కకు పోయింది. వెనుక పోలీసు లైట్లు వెలిగాయి. రోడ్డు పక్కన నిలబెట్టి, కళ్ల ముందు పెన్ను కదిలించి చూశారు, గీత మీద అడుగులో అడుగు వేసి నడవమన్నారు. ఆ తరువాత చేతులు వెనక్కి కట్టి స్టేషనుకు తీసుకువెళ్లారు. కారును మరో బండి లాక్కుపోయింది. మరుసటి రోజు బెయిలు మీద బయటకు వచ్చాడు.

నేను అడిగాను: "మన సంఘం వాళ్లబ్బాయి మీ ఊళ్లోనే ఉన్నాడు కదా నాయనా, అతనికి ఫోను చేస్తే వచ్చి తీసుకెళ్లేవాడు గదా?"

చాలాసేపు మాట లేదు. తరువాత అన్నాడు: "అతనికి వాసన తెలిసిపోతుందని భయపడ్డాను అయ్యగారూ. ఇంటికి రాస్తాడేమో, మీకు తెలుస్తుందేమో అనుకున్నాను. రెండు మైళ్లే కదా అని నేనే నడిపాను."

ప్రియులారా, ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. ఆ కారును బీరు ఒక్కటే నడపలేదు. సిగ్గు కూడా నడిపింది. ఆ సిగ్గులో మన సంఘానికి, నాకు కూడా భాగముంది.

ఇప్పుడు ఆ దేశపు చట్టం ఏమంటుందో చెబుతాను. నేను న్యాయవాదిని కాను. ఈ కుటుంబం కొరకు తెలుసుకున్నది మాత్రమే చెబుతున్నాను. రాష్ట్రానికి రాష్ట్రానికి చట్టం మారుతుంది. నేను చెప్పేది ముఖ్యంగా టెక్సాస్ సంగతి. మన తెలుగువారు అక్కడ ఎక్కువమంది ఉన్నారు గనుక అది పనికి వస్తుంది.

అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లో పెద్దవారికి హద్దు 0.08. అంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల మద్యం. యూటా రాష్ట్రం మాత్రం 2018 డిసెంబరు చివర ఆ హద్దును 0.05కు తగ్గించింది. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం హద్దు 30 మిల్లీగ్రాములే. అంటే కాగితం మీద మన చట్టమే కఠినమైనది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా, లేక రెండూ ఉంటాయని 2019 సవరణ తరువాత మన చట్టంలో ఉంది. "మన దగ్గర ఏదో కట్టేసి వచ్చేస్తాం" అనే అలవాటుతో వెళ్లినవారే అక్కడ దెబ్బతింటున్నారు.

ఇంకొక సంగతి. టెక్సాస్‌లో 0.08 దాటకపోయినా కేసు పెట్టవచ్చు. మద్యం వల్ల గాని, మందుబిళ్లల వల్ల గాని మనిషి తన మామూలు తెలివినీ శరీరాన్నీ అదుపులో ఉంచుకోలేకపోతే అది కూడా మత్తే అని చట్టం చెబుతుంది. కాబట్టి మద్యం ముట్టనివారు కూడా నిద్రమాత్ర వేసుకుని, మగత తెచ్చే దగ్గు మందు తాగి స్టీరింగు పట్టుకోకూడదు. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండని పిల్లలైతే, ఒంట్లో మద్యం ఏ కొంచెం కనబడినా నేరమే. డిగ్రీ చదువుకు పంపే తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోండి.

మొదటిసారి నేరం రుజువైతే శిక్ష ఏమిటి? కనీసం మూడు రోజులు, గరిష్ఠంగా 180 రోజులు జైలు. 2,000 డాలర్ల వరకు జరిమానా. ఇవి కాక తీర్పు ఖాయమైనప్పుడు రాష్ట్రానికి కట్టవలసిన మరో 3,000 డాలర్లు. లైసెన్సు 90 రోజుల నుండి సంవత్సరం వరకు నిలిపివేత. మద్యం పాళ్లు 0.15 చేరితే నేరం ఒక మెట్టు పైకి వెళ్తుంది, జైలు సంవత్సరం వరకు, జరిమానా 4,000 డాలర్ల వరకు పెరుగుతాయి. కారులో పదిహేను సంవత్సరాల లోపు బిడ్డ ఉంటే అది మొదటిసారే అయినా పెద్ద నేరం. రెండు సంవత్సరాల వరకు జైలు ఉంటుంది. మత్తులో నడిపి ఒకరి ప్రాణం తీస్తే రెండు నుండి ఇరవై సంవత్సరాలు. అన్నిటికంటే ముందు ఇది తలచుకోండి: ఆ చనిపోయినవాడు కూడా ఒక తల్లి బిడ్డ. చట్టానికి భయపడి మాత్రమే కాదు, ఆ తల్లి కొరకు కూడా మనం తాళం చెవి పక్కన పెట్టాలి.

లైసెన్సు సంగతి కోర్టు తీర్పు వరకు ఆగదు. దానికి వేరే దారి ఉంది. పరీక్షలో హద్దు దాటితే 90 రోజులు, పరీక్షకు ఒప్పుకోకపోతే 180 రోజులు లైసెన్సును నిలిపివేస్తారు. పరీక్షకు నిరాకరించినంత మాత్రాన తప్పించుకున్నట్టు కాదు. జడ్జి వారంటు తెచ్చి రక్తం తీస్తారు. పోలీసు అధికారి ఒక నోటీసు చేతిలో పెడతాడు. ఆ నోటీసు అందిన పదిహేను రోజుల లోపల విచారణ కోరాలి. కోరకపోతే నలభయ్యో రోజు నుండి లైసెన్సు దానంతట అదే ఆగిపోతుంది. మన అబ్బాయి ఏం చేశాడు? సిగ్గుతో ఆ కాగితాన్ని పుస్తకాల మధ్య దాచాడు. ఇరవై రోజుల తరువాత లాయరు దగ్గరకు వెళ్లాడు. అప్పటికే ఆ తలుపు మూసుకుపోయింది.

"నా దగ్గర ఇండియా లైసెన్సు ఉంది, దానితో నడుపుతాను" అంటారేమో. కుదరదు. ఆ రాష్ట్రం మన ఆర్టీవో ఇచ్చిన కార్డును రద్దు చేయలేదు, నిజమే. కానీ తన రోడ్ల మీద నడిపే హక్కును నిలిపివేస్తుంది. ఆ తరువాత మీరు భీమవరం కార్డు చూపించినా, ఇంటర్నేషనల్ పర్మిట్టు చూపించినా ఒకటే. అసలు ఇంటర్నేషనల్ పర్మిట్టు అంటే మన లైసెన్సుకు అనువాదం లాంటిది. అది ఒంటరిగా లైసెన్సు కాదు. టెక్సాస్‌లో కాపురం పెట్టినవారు తొంభై రోజుల లోపల అక్కడి లైసెన్సు తీసుకోవాలి. మన కార్డును మార్చి ఇవ్వరు. రాత పరీక్ష, నడిపే పరీక్ష రెండూ రాయాలి, చూపించాలి. ఆ కార్డు మీద "లిమిటెడ్ టర్మ్" అని ఉంటుంది. అంటే ఆ దేశంలో ఉండడానికి మీకిచ్చిన గడువు ఎప్పుడు తీరితే లైసెన్సు కూడా అప్పుడే తీరుతుంది. వీసా పొడిగింపుకు దరఖాస్తు పెట్టి ఎదురుచూస్తున్న రోజుల్లో కార్డు గడువు దాటిపోయి, ఆ సంగతి చూసుకోకుండా నడిపేవారు చాలామంది. దరఖాస్తు రసీదు తీసుకుని ముందుగానే లైసెన్సు ఆఫీసుకు వెళ్లండి. పోలీసు ఆపిన రోజున తెలుసుకోవలసిన సంగతి కాదు అది.

నిలిపివేసిన లైసెన్సుతో నడపడం మామూలు తప్పు కాదని కూడా తెలుసుకోండి. తాగిన కేసులో లైసెన్సు ఆగిపోయి ఉండగా నడిపితే టెక్సాస్‌లో మళ్లీ జైలు శిక్ష పడగల నేరమే. ఇక లైసెన్సు ఆగిందని తెలిసి కూడా మళ్లీ తాగి నడిపిన కేసును ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 1999లో నైతిక పతనంతో కూడిన నేరంగా లెక్కించింది. అలాంటి నేరం మనిషిని దేశం నుండి పంపివేసేదాకా తీసుకుపోగలదు.

ఇక్కడికి మొదటి తీర్పు అయింది. ఇది ఆ దేశంలో పుట్టినవానికీ, మనకూ ఒకటే. ఇశ్రాయేలీయులలో కూడా స్వదేశికీ పరదేశికీ ఒకే విధి ఉండాలని దేవుడు చెప్పాడు. కానీ పరదేశికి అమెరికాలో రెండో తీర్పు కూడా ఉంది. అది కోర్టులో జరగదు. ఒక ఈమెయిలులో వస్తుంది.

మన అబ్బాయి కేసులో లాయరు ఒక మార్గం చెప్పాడు. మొదటిసారి పట్టుబడినవారికి, మద్యం 0.15 లోపు ఉంటే, టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు నుండి ఒక వెసులుబాటు ఉంది. నేరం ఒప్పుకుని, కొంతకాలం పర్యవేక్షణలో ఉండి, షరతులన్నీ నెరవేరిస్తే, కోర్టు శిక్ష ఖరారు చేయకుండానే కేసు ముగిస్తుంది. కారులో ఒక పరికరం బిగిస్తారు. దానిలో ఊదితే తప్ప బండి స్టార్టు కాదు. తల్లి చాలా సంతోషించింది. "కేసు పోయిందంట అయ్యగారూ" అని చెప్పింది.

పోలేదు. రాష్ట్రం దానిని శిక్ష అనకపోయినా, దేశపు ఇమ్మిగ్రేషన్ చట్టం నేరం ఒప్పుకుని ఏదైనా కట్టుబాటుకు లోబడితే దానిని శిక్షగానే లెక్కపెడుతుంది. పైగా వీసా రద్దు చేయడానికి శిక్ష కూడా అక్కరలేదు. అరెస్టు చాలు. 2015 చివరి నుండి ఉన్న ఆదేశాల ప్రకారం, గడచిన ఐదు సంవత్సరాలలో తాగి నడిపిన అరెస్టు ఉంటే, కోర్టు ఏమీ తేల్చకముందే వీసాను రద్దు చేయవచ్చు. మన అబ్బాయికి కూడా ఒక ఉదయం ఆఫీసులో ఉండగా ఆ ఈమెయిలు వచ్చింది.

ఇక్కడ రెండు సంగతులు విడివిడిగా తెలుసుకోండి. పాస్‌పోర్టులో అతికించిన వీసా తలుపు తెరిచే తాళం చెవి లాంటిది. లోపల ఉండడానికి ఇచ్చిన అనుమతి వేరు. తాళం చెవి తీసుకున్నంత మాత్రాన లోపల ఉన్నవాణ్ణి వెంటనే బయటకు నెట్టినట్టు కాదు. అతను పని చేసుకోవచ్చు. కానీ ఒకసారి గడప దాటి బయటకు వచ్చాడా, కొత్త వీసా లేకుండా మళ్లీ లోపలికి వెళ్లలేడు. ఆ కొత్త వీసాకు వెళ్తే, ఐదేళ్ల లోపు మద్యం అరెస్టు ఒకటి ఉన్నవారిని వాళ్లు సూచించిన డాక్టరు దగ్గరకు పంపుతారు. అలవాటు ఏ మాత్రం ఉందో, ఇతరులకు ప్రమాదమా కాదా అని పరీక్ష చేయిస్తారు. వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. వస్తుందని హామీ లేదు.

విద్యార్థుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2025 ఏప్రిల్‌లో చాలామంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు హఠాత్తుగా మూసివేశారు. వారిలో చిన్న ట్రాఫిక్ కేసులున్నవారు కూడా ఉన్నారు. పిల్లలు కోర్టులకు వెళ్లాక నెలాఖరుకు వాటిని తిరిగి తెరిచారు. కానీ ఆ మూడు నాలుగు వారాలు ఆ ఇళ్లలో ఎవరికి నిద్ర పట్టింది? గ్రీన్ కార్డు వచ్చినవారు కూడా ధీమాగా ఉండవద్దు. పౌరసత్వం అడిగినప్పుడు మంచి నడవడి చూపించాలి. ఆ నడవడిని లెక్కించే కాలంలో ఇటువంటి శిక్షలు రెండు ఉంటే మంచి నడవడి లేనట్టే మొదట భావించాలని 2019లో ఆ దేశపు అటార్నీ జనరల్ తీర్పు ఇచ్చాడు.

ఆ సంవత్సరం వేసవిలో ఆ అబ్బాయి చెల్లెలి పెళ్లి. తండ్రి లేడు గనుక చెల్లెలి చెయ్యి పట్టుకుని చర్చి లోపలికి నడిపించవలసినవాడు అతనే. వస్తే తిరిగి వెళ్లగలడో లేదో తెలియదు. బ్యాంకు అప్పు ఇంకా సగం ఉంది. రాలేదు. ఉదయం పది గంటలకు పెళ్లి. అక్కడ రాత్రి పదకొండున్నర. వాళ్ల మేనమామ ఒక చేత్తో పెళ్లికూతుర్ని నడిపిస్తూ, రెండో చేతిలో ఫోను పట్టుకున్నాడు. నేను ఆ పెళ్లి జరిపించాను. ఆశీర్వాదం చెబుతుంటే ఆ ఫోనులో అతని ముఖం కనబడింది. రెండు మైళ్ల ప్రయాణం ఖరీదు అది.

లెటరు సంగతి చెప్పలేదు గదా. తల్లి అడిగినట్టు నేను రాయలేకపోయాను. ఆమెకు కోపం వచ్చింది. రెండు ఆదివారాలు గుడికి రాలేదు. సంఘ పెద్దలలో ఒకరు కూడా అన్నారు: "ఒక్క కాగితం అయ్యగారూ, బిడ్డ బతుకు నిలబడుతుంది, రాసేయండి." నేను ఆ రెండు వారాలు ఎంతో నలిగిపోయాను. చివరకు నాకు తెలిసినదే రాశాను. ఇతన్ని చిన్నప్పటి నుండి ఎరుగుదును, తండ్రి పోయాక ఇంటి బరువు మోశాడు, ఇతడు తప్పు చేశానని నాతో ఒప్పుకున్నాడు, ఇతన్ని కనిపెట్టుకుని ఉండే బాధ్యత మా సంఘం తీసుకుంటుంది అని రాశాను. మందు ముట్టడని రాయలేదు. రక్త పరీక్ష కాగితం ఒక చేతిలో పట్టుకున్న జడ్జి ముందు నేను అబద్ధం రాసి పంపితే, ఆ బిడ్డ చెప్పే మిగతా నిజాలను కూడా ఎవరు నమ్ముతారు?

పర్యవేక్షణ కాలం ముగిశాక అతను వీసా కొరకు ఇక్కడికి వచ్చాడు. దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది: ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా, క్షమాభిక్ష వచ్చినా సరే చెప్పాలి. ఒక ఏజెంటు సలహా ఇచ్చాడు: "లేదు అని టిక్కు పెట్టండి, కేసు క్లోజయింది గదా." ప్రియులారా, అక్కడ వేలిముద్రలు తీసుకున్నారు. అవి చెరిగిపోవు. అరెస్టు దాస్తే, తాగి నడిపిన తప్పు కంటే ఆ అబద్ధమే పెద్ద శిక్ష తెస్తుంది. వీసా కొరకు తెలిసి తెలిసి అబద్ధం చెప్పినవాణ్ణి జీవితకాలం ఆ దేశంలోకి రానివ్వకుండా ఆపే చట్టం ఉంది. అతను "అవును" అని టిక్కు పెట్టాడు. కోర్టు కాగితాలన్నీ జతచేశాడు. డాక్టరు పరీక్షకు వెళ్లాడు. పది వారాలు తల్లి ఇంట్లో ఉన్నాడు. జీతం లేదు. ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియదు. ఆ పది వారాలూ తల్లి అతనికి అన్నం పెట్టింది, ఎవరు ఏమడిగినా దాచకుండా చెప్పింది. వీసా వచ్చింది. అందరికీ వస్తుందని నేను చెప్పను. రాకపోయినా అతను నిజం చెప్పినవాడిగానే మన మధ్య తలెత్తుకుని ఉండేవాడు.

కాబట్టి ఈ దినం ఇంటి ముందు పిట్టగోడ ఎలా కట్టాలో చెప్పి ముగిస్తాను.

బయట ఉన్న బిడ్డా, విందుకు వెళ్లేముందే తిరిగి ఎలా వస్తావో తేల్చుకో. కారు తాళం గదిలోనే పెట్టి వెళ్లు. ఒక గ్లాసే గదా అని లెక్కలు వేసుకోకు; తాగిన తరువాత లెక్క వేసేది నువ్వు కాదు, ఆ గ్లాసు. సామెతల గ్రంథం ఇరవై మూడో అధ్యాయంలో జ్ఞాని మద్యం మత్తులో ఉన్నవాణ్ణి నడిసముద్రంలో ఓడ స్తంభం మీద పడుకున్నవాడితో పోల్చాడు. కొట్టినా నొప్పి తెలియదంటాడు. అలాంటివాడు తాను బాగానే నడపగలనని చెబితే ఆ మాటకు విలువేముంది? టాక్సీకి ఇరవై ముప్పై డాలర్లు ఖర్చయితే అయింది. మీ అమ్మ అరెకరం కంటే అది ఎక్కువ కాదు.

పట్టుబడితే పారిపోకు, గొడవ పడకు, లంచం మాట అసలే ఎత్తకు. పేరు, చిరునామా నిజం చెప్పు. లాయరు కావాలని మర్యాదగా అడుగు. విదేశీయుడివి గనుక మన కాన్సులేటుకు తెలియజేయమని అడిగే హక్కు నీకుంది. టెక్సాస్‌వారికి అది హ్యూస్టన్‌లో ఉంది. నోటీసును దాచకు, పదిహేను రోజులు లెక్కపెట్టు. నేరం ఒప్పుకునే ముందు లాయరును ఒక ప్రశ్న తప్పక అడుగు: "ఇది నా వీసాను ఏం చేస్తుంది?" విదేశీయుడైన ముద్దాయికి దేశం నుండి పంపివేసే ప్రమాదం ఉందో లేదో లాయరు చెప్పి తీరాలని 2010లో అమెరికా సుప్రీంకోర్టు పడిల్లా కేసులో తీర్పు ఇచ్చింది. ఇమ్మిగ్రేషన్ తెలిసిన లాయరును కూడా వేరుగా కలువు. తేలేదాకా దేశం దాటవద్దు.

తల్లిదండ్రులారా, "మావాడు అలాంటివాడు కాదు" అనే మాటను కొంచెం పక్కన పెట్టండి. దానికి బదులు ఈ మాట చెప్పి పంపండి: "ఎప్పుడైనా పొరపాటు జరిగితే ముందు మాకే ఫోను చెయ్యి. ఆ రాత్రి తిట్టము." తిట్టవలసినది ఉంటే మరునాడు తిట్టండి. ఆ రాత్రి మాత్రం బిడ్డ క్షేమంగా ఇల్లు చేరాలి.

సంఘమా, నీకు కూడా ఒక మాట. మద్యం మంచిదని నేను చెప్పడం లేదు. దాని విషయంలో వాక్యం ఏమంటుందో మీకు తెలుసు. కానీ తప్పిపోయిన కుమారుడు దూరంగా ఉండగానే తండ్రి పరుగెత్తాడని మనమే గదా బోధిస్తాము? మరి అర్ధరాత్రి ఫోను వస్తే, వాసన వస్తుందని మొహం తిప్పకుండా పరుగెత్తే అన్న ఒకడు మన బిడ్డలకు ఉన్నాడా? ఇప్పుడు మా సంఘంలో ఎవరు విదేశం వెళ్లినా, ప్రార్థన కూటంలో నేను ఈ సంగతి దాచకుండా మాట్లాడుతున్నాను. అక్కడ ఉన్న మనవారిలో ఒకరి నంబరు కాగితం మీద రాసి చేతికిస్తున్నాను. దాని కింద ఒక వాక్యం: ఏ స్థితిలో ఉన్నా ఫోను చెయ్యి. ఆ అబ్బాయికి కూడా ఇప్పుడు ఒక పని ఉంది. ఆ కాగితం మీద ఉన్న నంబరు అతనిదే.

తలలు వంచుదాం. ప్రేమగల తండ్రీ, దూరదేశంలో ఉన్న మా బిడ్డలను నీ చేతికి అప్పగిస్తున్నాము. రోడ్ల మీద వారిని, వారి వలన ఇతరులను కాపాడుము. పడిన వారికి నిజం చెప్పే ధైర్యం ఇమ్ము. మాకు వారిని లేవనెత్తే మనస్సు ఇమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.